సెకండు పాడిన మనిషి

నౌపడ,
14 జూన్ 2025

మరదలు ప్రిస్కిల్లాకు,

నీ వదిన ఎలీసమ్మ వందనాలు చెప్పి రాసేది. నువ్వెలా ఉన్నావు? నోట్లో పుండు మానిందా? ధనరాజ్‌కి నడుం నొప్పి తగ్గిందా, ఇంకా కుర్చీలో దిండు పెట్టుకునే కూర్చుంటున్నాడా? నీ కోడలు రేఖకి రక్తం తక్కువ అన్నారు కదా, మాత్రలు మింగుతోందా, డబ్బాలో దాస్తోందా? మీ పక్కవాటా గణపతిరావు గారి కంటికి ఆపరేషను అన్నావు, చూపు వచ్చిందా? ఇక్కడ నా కొడుకు ఎజ్రాకి ఉప్పు మళ్ళలో పని ఆగిపోయింది, వానలు పడ్డాయి కదా. కోడలు రాజకుమారికి పార్శ్వపు నొప్పి. నాకు మోకాళ్ళు, బీపీ, రాత్రి దగ్గు. ఇవి కాక ఏమున్నాయో దేవుడికే తెలియాలి.

ఫోను చేస్తే నువ్వు ఎత్తడం మానేశావు. ఎప్పుడూ రేఖే. "అత్త తొంగున్నాది పెద్దత్తా" అంటుంది. పగలు పన్నెండింటికి నువ్వు పడుకోవడం నా జన్మలో చూడలేదు. అందుకని పాత రోజుల్లోలా ఉత్తరం రాస్తున్నాను. నాది నాలుగో తరగతి, తప్పులుంటే నువ్వే సరిచేసి చదువుకో.

ధనరాజ్ ఎజ్రాకి ఫోను చేసి, "నాన్న రాసిన పాట ఇరవై ఎనిమిదిన మా గదిలో రికార్డు సేస్తన్నాను బావా, అమ్మ పైన పాడతాది, అత్త కింద గొంతులో సెకండు పట్టాల, పంపించు" అన్నాడట. చనిపోయిన నా తమ్ముడి పాట రికార్డు అవుతుందంటే నాకు సంతోషం కాదా? మీ ఆయన "ఉప్పు నేల మీద వాన వలె నీ కృప" అని రాసినప్పుడు మళ్ళలో పనివాళ్ళు ఎంత నవ్వారో గుర్తుందా. "వానడితే మా కూలి పోద్ది మేస్టారూ, అదేటి కృప" అన్నారు. అయినా మార్చలేదు మహానుభావుడు.

కానీ ఇప్పుడే ఎందుకమ్మా? వానల్లో రైళ్ళు ఎక్కడ ఆగిపోతాయో తెలియదు. మీ రికార్డింగు గదికి కిటికీ లేదంట. తలుపు వేస్తే లోపల అరిచినా బయటికి వినపడదంట. కరెంటు పోతే? ఆ తలుపు తియ్యడం నీకు వచ్చా? ఆ పాట ఇన్నేళ్ళుగా మన నోట్లో ఉంది, ఎక్కడికీ పోదు. క్రిస్మస్ అయ్యాక పెట్టమను, ఎండ పొడిగా ఉంటుంది, నా దగ్గూ తగ్గుతుంది.

చుట్ట మానేశావా లేదా? నిప్పు నోట్లోకి తిప్పుకుని కాల్చే ఆ అడ్డపొగ నాకు మొదటి నుంచీ భయం. ఆ రోజు పాస్టరు గారు గుమ్మంలోకి వచ్చేస్తే, చుట్ట లోపలే ఉంచుకుని నోరు మూసుకు కూర్చున్నావు. "ఏటమ్మా మాటాడవు" అని ఆయన అడిగితే "మౌన ప్రార్థనండి" అని నేను కప్పిపుచ్చాను. ఆ పాపంలో నాకు వాటా ఉంది. మానెయ్యి.

నీ వదిన
ఎలీసమ్మ


విజయనగరం,
19 జూన్

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ధనరాజ్ నడుం అలాగే ఉంది. రేఖ మాత్రలు నేను దగ్గరుండి మింగిస్తున్నాను. గణపతిరావు గారికి చూపు వచ్చింది. వచ్చిన మర్నాడే మా గోడ అతని వైపు ఒరిగిందని తగువుకి వచ్చాడు. నా నోటికి కొంచెం విశ్రాంతి ఇమ్మన్నారు, అందుకే ఫోనులో మాట్లాడటం లేదు. నాకు ఉత్తరమే బాగుంది. మానేశాను, చుట్ట.

ఆ గది తలుపుకి గడియ లేదు. నెడితే వచ్చేస్తుంది. నేను నీ పక్కనే ఉంటాను. కరెంటు పోతే ఇద్దరం కలిసి నెడదాం.

క్రిస్మస్ దాకా వద్దు వదినా. ధనరాజ్‌కి తర్వాత తీరిక ఉండదు. ఒక్క పూట చాలు. పొద్దున్న పలాస పాసింజరు ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటావు. నెత్తళ్ళ చేపలు తెప్పించి ఉంచుతాను. పెళ్ళయి మీ ఇంటికి వచ్చినప్పటి నుంచి నిన్ను ఏదీ పట్టుబట్టి అడగలేదు. ఇది అడుగుతున్నాను.

ప్రిస్కిల్లా


నౌపడ,
29 జూన్

ప్రిస్కిల్లా,

నామీద కోప్పడకు. ముందు సంగతంతా చదువు.

నేను బయలుదేరాను. నీ మీద ఒట్టు. ముందు రోజే వచ్చేద్దామని శుక్రవారం పొద్దున్నే రెండు చీరలు, బీపీ మాత్రలు, నీకు తాటి తాండ్ర సంచిలో పెట్టుకున్నాను. రాజకుమారి పుట్టింట్లో ఉంది. ఎజ్రా నన్ను స్టేషనులో దించి వేరే పని మీద పోయాడు. బండి ఆలస్యం అన్నారు. కూర్చున్నాను. అటు సముద్రం వైపు మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. అప్పుడు నాకు అనుమానం పట్టుకుంది. టీ పెట్టాక గ్యాసు కట్టానా?

కట్టాననే అనుకున్నాను. కానీ చెయ్యి తిప్పిన గుర్తు లేదు. ఇల్లు తాళం వేసి ఉంది. ఎజ్రా ఫోను ఎత్తలేదు. బండి వస్తోందని గంట కొట్టారు, నేను లేచి ఇటు నడిచాను. టీ కొట్టు చినబాబు, "ఏటి మామ్మా, బండొచ్చీయేలకి ఎల్లిపోతన్నావు?" అన్నాడు. "ఇల్లు కాలిపోతాదేమోరా" అన్నాను. "ఎవులిల్లు?" అని వాడు బయటికొచ్చి ఆకాశం వంక చూశాడు.

ఇంటికొచ్చి చూస్తే గ్యాసు కట్టే ఉంది.

మర్నాడు బస్సులో వెళ్దామంటే రాత్రంతా వాన. ఎజ్రా తిట్టాడు. "ధనరాజు ఏటనుకుంటాడు? మైకులూ గీకులూ అన్నీ ఎట్టుకుని సూత్తంటాడు" అన్నాడు. ఒక నెల ఆపమని చెప్పు. ఒక్క నెల. ఆగస్టులో తప్పకుండా వస్తాను.

ఎలీసమ్మ


విజయనగరం,
3 జూలై

వదినా,

శనివారం నువ్వు వస్తావని సాయంత్రం దాకా చూసి, పాడేశాను. మిగతాది ధనరాజ్ చూసుకుంటానన్నాడు. నువ్వు దిగులు పడకు. గ్యాసు సంగతి చదివి రేఖా నేనూ నవ్వాం.

కొన్నాళ్ళు ఉత్తరం రాయలేకపోవచ్చు. రేఖ వాళ్ళ ఊరు వెళ్తున్నాం.

ప్రిస్కిల్లా


నౌపడ,
24 ఆగస్టు, ఆదివారం

ప్రిస్కిల్లా,

మీరంతా బాగున్నారని తలుస్తాను.

ఈ రోజు ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు ఎవరినీ లేవనివ్వలేదు. "ఒక మంచి పాట వినండి" అని ఫోనుకి స్పీకరు పెట్టె తగిలించారు. నీ గొంతు. అదే గొంతు, ఈ వయసులో కూడా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి చరణం అలా వింటూనే ఉన్నాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి కింద ఇంకొకామె అందుకుంది.

నా సెకండు.

మా వెనక బల్ల మీద తాతమ్మ కూర్చుంటుంది, నీకు తెలుసు దాని నోరు. "ఏటే ఎలీసమ్మా, నీ జాగాలోకి ఎవుల్నో ఎట్టేసినారు. నీకన్న బాగానే పాడతన్నాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

నేను రాలేదు, నిజమే. తప్పు నాదే. కానీ వేరే మనిషిని పెట్టుకున్నామని నాకు ఒక్క ముక్క రాయొద్దా? "మిగతాది ధనరాజ్ చూసుకుంటాడు" అని రాశావు. చూసుకున్నాడు బాగానే. ఎవరామె? మీ విజయనగరం సంఘంలో మనిషా? చదువుకున్న పిల్లా? గొంతులో ఒక్క వంకర లేదు, నాలాగా ఎక్కడా జీర లేదు.

ఒక్కటి మాత్రం చెప్తాను, అసూయ అనుకో, ఏదైనా అనుకో. ఆమెకి నీ పక్కన నిలబడటం తెలియదు. "ఉప్పు నేల" దగ్గర నీకు ఊపిరి చాలదు. అక్కడ నేను ఆపకుండా లాగుతాను, నువ్వు ఊపిరి తీసుకుంటావు. నువ్వు అందుకున్నాక నేను తీసుకుంటాను. చర్చిలో ఎవరికీ అక్కడ మనం ఊపిరి తీస్తున్నట్టే తెలియదు. ఈమె నువ్వు ఆగిన చోటే ఆగుతోంది. నీతోనే ఊపిరి తీస్తోంది. ఇద్దరూ ఒక్కసారే ఆగేసరికి అక్కడ పాటకి చిల్లు పడింది. నీకు వినపడలేదా? లేక వినపడినా పరవాలేదనుకున్నావా?

ఆ పాట ఇంక నేను పాడను. ఆమెనే పాడమను.

ఎలీసమ్మ


నౌపడ,
15 సెప్టెంబరు

ప్రిస్కిల్లా,

జవాబు లేదు. నా ఉత్తరం అందలేదా, అంది కోపం వచ్చిందా? నేను మాట తూలాను. రాజకుమారి కూడా "అలాగ రాసీసేరేటి అత్తా, పెద్దోరు" అంది.

నిన్న ఫోను చేశాను. రేఖ ఎత్తి, నా గొంతు వినగానే ఏడ్చింది. ఏంటని అడిగితే ధనరాజ్ తీసుకుని "అమ్మే రాత్తాది అత్తా" అని పెట్టేశాడు. ఎందుకు ఏడ్చింది? ఇంట్లో ఏమైనా గొడవా? ధనరాజ్‌కి ఏదైనా అయిందా? నాకు రాత్రి నిద్ర లేదు, ప్రతి శబ్దానికీ ఫోనేమో అని లేస్తున్నాను.

ఎవరు పాడితే ఏం, పాడనీ. నువ్వు బాగున్నానని ఒక్క ముక్క రాయి.

ఎలీసమ్మ


విజయనగరం,
6 అక్టోబరు

వదినా,

నీకు రాయకూడదనుకున్నది రాస్తున్నాను. పక్కన ఎజ్రానో రాజకుమారినో కూర్చోబెట్టుకుని చదువు. మాత్ర వేసుకుని చదువు.

నీ సెకండు ఎవరూ పాడలేదు. ఆ రెండో గొంతు కూడా నాదే. ధనరాజ్ నా పాట తీసుకుని కంప్యూటరులో వేస్తే, అదే గొంతుని కిందికి దించి సెకండు కట్టి ఇచ్చింది. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. అందుకే నేను ఆగితే అదీ ఆగింది. అక్కడ ఊపిరి తీస్తున్నది నేనొక్కదాన్నే వదినా.

నాకు మొదటిసారి వినగానే తెలిసింది. "అత్త లేకపోతే ఏటమ్మా, తేడా ఎవులికీ తెల్దు" అని ధనరాజ్ సంతోషంగా నా మొహం వంక చూశాడు. వాడి సంతోషం ఎందుకు పాడుచెయ్యాలని తల ఊపాను. నాకు నేనే తోడు నిలబడినట్టుంది.

నా నోట్లోది పుండు కాదు. మే నెలలోనే తెలిసింది. విశాఖపట్నంలో డాక్టరు అద్దం పెట్టి చూసి, "అడ్డపొగ తాగుతారా అమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచే ఉన్నాను, చెప్పలేను. రేఖ అందుకుని, "మా అత్త సంఘంలో పాటలు నడిపిత్తాదండి" అంది. అతను ఇంకేమీ అడగలేదు. జూలై ఏడున ఆపరేషను చేశారు. రేఖ వాళ్ళ ఊరు అని రాసింది అందుకే. పై అంగిలి సగం తీసేశారు. ఆ చోట ఒక బిళ్ళ పెట్టారు, కట్టుడు పళ్ళలా రోజూ తీసి కడుక్కోవాలి. మాట్లాడితే మాట ముక్కులోంచి పోతుంది. రేఖకే అర్థమవుతుంది. పాట లేదు. డాక్టరు ఆ మాట ముందే చెప్పాడు, అందుకే పాటకి జూన్‌లోనే ఆ తేదీ పెట్టుకున్నాం.

నీకెందుకు చెప్పలేదంటావు. చెప్తే నువ్వు వచ్చేదానివి. ఏడుస్తూ వచ్చేదానివి. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తాను, ఇద్దరం ఏడిస్తే పాట ఎక్కడ? ఏ దిగులూ లేకుండా నువ్వు ఎప్పటిలా నా పక్కన నిలబడి పాడాలని నా ఆశ. నిన్ను తెలిసి కూడా అలా అనుకున్నాను. అది నా తెలివితక్కువ. నీ తప్పు ఇందులో లేదు.

ప్రిస్కిల్లా


నౌపడ,
13 అక్టోబరు

ఒసే ప్రిస్కిల్లా,

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను.

నేను బండి గంట విని లేచిపోయాను కదే. ఆ బండి నా ముందు నుంచే వెళ్ళింది. గేటు దగ్గర నిలబడి అది పోయేదాకా ఆగి పట్టాలు దాటాను. కిటికీల్లో మనుషులు కనిపించారు. ఒకావిడ సీతాఫలం తింటోంది అనుకుంటాను, కాదు, ఆ కాలం కాదు, ఏదో తింటోంది. నేను గ్యాసు గురించి ఆలోచిస్తున్నాను. అక్కడ నువ్వు సాయంత్రం దాకా నా కోసం చూస్తున్నావు, చివరిసారి పాడటానికి.

నా బతుకంతా భయపడ్డాను. వాన వస్తుందని, కుక్క కరుస్తుందని, ఎజ్రా ఆలస్యమైతే లారీ కిందపడ్డాడని. ఒక్కటీ జరగలేదు. జరిగిందాని గురించి నాకు ఒక్క పూట కూడా భయం వెయ్యలేదు. నోట్లో పుండు మానిందా అని అడిగి, కింద గణపతిరావు గారి కన్ను గురించి అడిగాను.

ఆ ఆగస్టు ఉత్తరం చింపెయ్యి. ఆపరేషనైన మంచం మీద నువ్వు అది చదివావా? జీర లేదని రాశాను, చదువుకున్న పిల్లా అని రాశాను. నీ గొంతుని పట్టుకుని ఎవరామె అని అడిగాను. ఇన్నేళ్ళు పక్కన నిలబడి నీ గొంతే ఆనవాలు పట్టలేకపోయాను. కింద ఉంటే నువ్వు అలా వినిపిస్తావని నాకెలా తెలుస్తుంది? నువ్వెప్పుడూ కిందికి రాలేదు. కింద నేనే ఉండేదాన్ని.

ఎజ్రాకి చెప్పాను. వాడు పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. తాతమ్మకి చెప్పలేదు.

నేను రావచ్చా? వద్దంటే రాను. నన్ను చూస్తే నీకు కష్టమైతే రాను. నాకేం చెయ్యాలో తెలియడం లేదు. నువ్వే చెప్పు.

ఎలీసమ్మ


విజయనగరం,
10 నవంబరు

వదినా,

నీ ఆగస్టు ఉత్తరం చింపను. పాటకి చిల్లు పడిందని నాకు తప్ప ఇంకొకరికి వినపడింది, ఆ ఉత్తరంలోనే. మంచం మీద అది చదివి ఎంత ధైర్యం వచ్చిందో నీకెలా చెప్పను.

మెడ కింద మళ్ళీ గడ్డ వచ్చింది. ఈసారి కొయ్యడానికి లేదన్నారు. డిసెంబరు రెండో వారం నుంచి విశాఖపట్నంలో కరెంటు పెడతారట, రేడియేషను. అది మొదలైతే నీళ్ళు మింగడం కూడా కష్టమని రేఖతో చెప్పారు. నేను వినడం లేదనుకున్నారు. నోరే పోయింది, చెవులు బాగానే ఉన్నాయి.

నీ ఉత్తరం ధనరాజ్‌కి చూపించాను. చదివి గదిలోకి పోయి, చెవులకి ఆ డిప్పలు పెట్టుకుని పాట వేసుకున్నాడు. "ఉప్పు నేల" దగ్గర ఆపాడు. మళ్ళీ వేశాడు. బయటికొచ్చి, "అమ్మా, నాను సేసింది మంచికే" అన్నాడు. నేను వాడి తల నిమిరాను. మంచికే చేశాడు. తల్లి పాట ఒంటరిగా ఉండకూడదనుకున్నాడు.

ఆ సెకండు తీసెయ్యడం ఒక్క నిమిషం పనట. తీస్తే నా గొంతు ఒక్కటే మిగులుతుంది. నువ్వు వచ్చి దాని మీద పాడొచ్చు అంటున్నాడు. నీకు ప్రయాణం భయమైతే ఇంకో దారి కూడా చెప్పాడు. "అత్తది పాత రికార్డు సిన్న ముక్క ఉన్నా సాలమ్మా, కంప్యూటరుకి నేర్పిత్తే అత్త గొంతుతోనే పాడీసుద్ది" అన్నాడు. పలక మీద రాసి చూపించాను. "మీ అత్త బతికే ఉందిరా" అని.

రా వదినా. కష్టమైతే నాకు కాదు, నన్ను చూడటం నీకే కష్టం. ఎడమ బుగ్గ లోపలికి పోయింది. చూసి ఏడువు, ఈసారి వద్దనను.

ప్రిస్కిల్లా


నౌపడ,
20 నవంబరు

ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం అందిన రోజు నుంచి సాధన చేస్తున్నాను. ధనరాజ్ ఆ రెండో గొంతు తీసేసి, నువ్వొక్కదానివే పాడింది ఎజ్రా ఫోనుకి పంపాడు. తలుపు వేసుకుని దాంతో పాడాను.

నా వల్ల కాలేదు. ఎజ్రా ఎదురుగా కూర్చుని "మళ్ళీ అమ్మా, మళ్ళీ" అంటూనే ఉన్నాడు. నా దగ్గు మధ్యలో అడ్డొచ్చింది, నువ్వు ఆగలేదు. "ఉప్పు నేల" దగ్గర నేను గొంతు సరిచేసుకునే లోపల నువ్వు వెళ్ళిపోయావు. ఎప్పుడైనా అలా నన్ను వదిలేసి వెళ్ళావా? చర్చిలో నేను వెనకబడితే ఓరకంట చూసి ఆ మాటనే కాస్త సాగదీసేదానివి. ఫోనులో ఉన్నామె నా వంక చూడదు. ఎంత బాగా పాడుతుందో అంత వేగంగా పోతోంది. నేను దాని వెనక పరుగెత్తలేక కూర్చుండిపోయాను.

అందుకని ధనరాజ్‌కి చెప్పు. ఆ పాట జోలికి ఇంక పోవద్దు. లోకానికి అలాగే ఉండనీ, వాడి మనసుకి అది బాగుంది. నేను మైకులో పాడను.

నేను వచ్చి నీ ముందు కూర్చుని సెకండు ఒక్కటే పాడతాను. మొన్న సాయంత్రం ఇక్కడ పాడి చూసుకున్నాను. పైన పాట లేకుండా అది ఎలా ఉంటుందో నాకే ఇన్నాళ్ళూ తెలియదు. రెండు మూడు స్వరాల మీదే అటూ ఇటూ తిరుగుతుంది, ఎక్కడికీ వెళ్ళదు. వంటింట్లోంచి రాజకుమారి వచ్చి, "ఏటత్తా మూలుగుతన్నావు, నడుం నొప్పేటి?" అంది. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పాట వింటోంది. అది పాటని కూడా దానికి తెలియలేదు.

నీకు తెలుస్తుంది. పైది నీ లోపల నువ్వు పాడుకో. నోరు కదపొద్దు. నువ్వు ఎక్కడున్నావో నీ కళ్ళు చూసి నేను పట్టుకుంటాను. నాకు దగ్గొస్తే ఆగు. నీకు నొప్పొస్తే చెయ్యెత్తు, నేను ఆగుతాను.

ఎజ్రా టిక్కెట్లు తీశాడు, వాడూ నా పక్కనే కూర్చుని వస్తాడు. పాసింజరు ఆలస్యమైనా కంగారు పడకు, భోజనానికి ఎదురు చూడకు, నువ్వు తినేది నువ్వు తిను. వస్తున్నది డిసెంబరు రెండు, మంగళవారం.

నీ వదిన
ఎలీసమ్మ